లైనక్స్‌లోంచి పాత కోడ్ తీసేస్తున్నారంటే అసలు ఏం తీసేస్తున్నట్టు?

2025లో వరసపెట్టి ఇలాంటి వార్తలే వచ్చాయి. జనవరిలో విడుదలైన లైనక్స్ 6.13లో రైజర్‌ఎఫ్ఎస్ అనే పాత ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ళని సర్దిపెట్టే పద్ధతి) లేదు. ఏప్రిల్‌లో ఇంటెల్ 486 ప్రాసెసర్లకు సపోర్ట్ తీసేద్దామంటూ ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చేయాల్సిన మార్పులు, వచ్చాయి. ఆగస్టులో డెబియన్ 13 వచ్చి, 32 బిట్ పీసీల మీద ఇక ఇన్‌స్టాల్ అవ్వనని చెప్పేసింది. ఆ తర్వాతి నెలలోనే 32 బిట్ లైనక్స్‌కి ఫైర్‌ఫాక్స్ ఇవ్వడం ఆపేస్తామని మొజిల్లా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ అయిపోవడంతో, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుందాంలే అనుకున్నవాళ్ళకి ఇవన్నీ కలిపి చూసేసరికి టెన్షన్ పట్టుకుంది, లైనక్స్ కూడా పాత మెషీన్లని వదిలేస్తోందా అని.

వదిలేయట్లేదు. కనీసం వాళ్ళు అనుకుంటున్న అర్థంలో కాదు. ఈ నాలుగు వార్తలూ నాలుగు వేర్వేరు విషయాలు, వేర్వేరు మనుషులు వేర్వేరు కారణాలతో తీసుకున్న నిర్ణయాలు. వాటిని కలిపి చదవడం వల్లే ఈ గందరగోళం అంతా.

లైనక్స్ అంటే ఒకటి కాదు, పొరలు

అన్నిటికంటే కింద ఉండేది కెర్నల్. ప్రాసెసర్‌తో, మెమరీతో, డిస్కుతో నేరుగా మాట్లాడేది ఇదే. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టి ఇప్పటికీ పెద్దరికం వహిస్తున్నది దీనికే. దాని పైన లైబ్రరీలు ఉంటాయి, అంటే ప్రోగ్రాములన్నీ ఉమ్మడిగా వాడుకునే కోడ్. ఆ పైన బ్రౌజర్లూ గేములూ వగైరా. ఈ మొత్తాన్ని ఒక మూటగా కట్టి మన చేతికిచ్చేది డిస్ట్రో: డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటివి.

రైజర్‌ఎఫ్ఎస్, 486 వ్యవహారాలు కెర్నల్‌కి సంబంధించినవి. డెబియన్ చేసింది డిస్ట్రో స్థాయి పని. కెర్నల్‌లో 32 బిట్ ఇంటెల్ సపోర్ట్ ఇంకా నిక్షేపంలా ఉంది, దాన్ని కంపైల్ చేసి (మెషీన్ నడపగల రూపంలోకి మార్చి) పంచిపెట్టే పని మాత్రం డెబియన్ మానేసింది. మొజిల్లాది ఒక అప్లికేషన్ సంగతి. 2019లోనే ఫెడోరా 31 నుంచి 32 బిట్ ఇంటెల్ కెర్నల్ ఇవ్వడం ఆపేశారు, కానీ ఆ డిస్ట్రోలో 32 బిట్ లైబ్రరీలు మాత్రం ఉంచారు. కాబట్టి ఎవరైనా "32 బిట్ తీసేశారు" అంటే, ఏ పొరలో అని అడగాలి.

ఇక లెగసీ కోడ్ అంటే? పాత కోడ్ అని తేలిగ్గా అనేయొచ్చు గానీ అది సరిపోదు. కెర్నల్‌లో ఇరవై ఏళ్ళ కిందట రాసి ఈ రోజుకీ కోట్ల ఫోన్లలో నడుస్తున్న కోడ్ బోలెడు ఉంది, దాన్ని ఎవరూ లెగసీ అనరు. వాడేవాళ్ళు దాదాపు లేక, పరీక్షించేవాళ్ళు అసలే లేక, ఎవరో ఒకరి మీద బరువుగా మాత్రమే మిగిలిందాన్ని లెగసీ అంటున్నారు.

పడి ఉంటే పడి ఉండనివ్వొచ్చుగా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైనదే. కెర్నల్ 4 కోట్ల లైన్లు దాటింది. 486 ప్యాచ్‌లతో అందులో ఓ 14 వేలు తగ్గితే ఏమొచ్చింది? డిస్కులో చోటు సమస్య కాదు, మన కంప్యూటర్‌లో అవసరం లేని డ్రైవర్లు ఎలాగూ లోడ్ అవ్వవు.

అటక మీద పడేసిన సామాను దాని మానాన అది దుమ్ము పట్టి పడుంటుంది. కోడ్ అలా ఉండదు, పక్క కోడ్‌తో ముడిపడి ఉంటుంది. పక్కది మారినప్పుడల్లా దీన్నీ మార్చాలి, మార్చాక పనిచేస్తోందో లేదో చూడాలి, చూడ్డానికి ఆ పాత మెషీన్ కావాలి, అది ఎవరి దగ్గరా ఉండదు.

386 సంగతి చూడండి. టోర్వాల్డ్స్ మొదటి లైనక్స్ రాసింది ఆ ప్రాసెసర్ మీదే. అందులో ఒక లోపం ఉంది: మెమరీలో ఒక పేజీని "రాయకూడదు" అని గుర్తు పెట్టినా, రాసేది కెర్నల్ అయితే చిప్ దాన్ని పట్టించుకోదు, రాసేస్తుంది. 486లో దీన్ని సరిచేశారు. కానీ 386 కోసం మాత్రం, ప్రోగ్రాం మెమరీలోకి కెర్నల్ ఏదైనా రాసే ముందు "ఇక్కడ రాయొచ్చా" అని సాఫ్ట్‌వేర్‌లోనే చూసుకునే ఏర్పాటు అలాగే మోస్తూ రావాల్సి వచ్చింది. మెమరీ కోడ్ మీద చెయ్యి వేసిన ప్రతివాడూ ఈ మినహాయింపు గుర్తుపెట్టుకోవాలి. 2013లో వచ్చిన 3.8తో 386ని తీసేశారు. ఆ ప్యాచ్‌లు పంపింది ఇంగో మోల్నార్ అనే కెర్నల్ డెవలపర్. తన మొదటి మెషీన్ కదా అని టోర్వాల్డ్స్ ఏమీ బాధపడలేదు, పీడా పోయింది అన్నట్టే మాట్లాడారు.

ఇప్పుడు 486 గొడవ కూడా ఇలాంటిదే, ప్యాచ్‌లు పంపింది కూడా ఆ మోల్నారే. 1993లో పెంటియంతో వచ్చిన ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది: మెమరీలో 8 బైట్లు చూసి, అనుకున్న విలువే ఉంటే కొత్తది పెట్టడం, ఇదంతా ఒకే దెబ్బలో, మధ్యలో ఇంకెవరూ దూరకుండా. చాలా కోర్‌లు ఉన్న నేటి ప్రాసెసర్లలో ఇది లేనిదే రోజు గడవదు. 486కి అది తెలీదు. అందుకని కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ ఏదో చూసుకుని, 486 అయితే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉన్న చోటల్లా ఇంటరప్ట్‌లు (మధ్యలో ప్రాసెసర్‌ని వేరే పనికి పిలిచే సిగ్నళ్ళు) ఆపి అదే పని నిదానంగా చేసే ఫంక్షన్‌ని పెట్టుకోవాలి. దీనికి తోడు, దశాంశ లెక్కల యూనిట్ లేని 486ఎస్ఎక్స్ లాంటి చిప్‌ల కోసం ఆ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లో చేసే ఒక లైబ్రరీ మొత్తం ఉంది. ఆ 14 వేల చిల్లర లైన్లలో దీని వాటా పెద్దదే. ఈ అతుకుల వల్ల అప్పుడప్పుడు కొత్త మెషీన్లలోనే సమస్యలు వచ్చి వాటి మీద టైం పెట్టాల్సి వస్తోందన్నది మోల్నార్ వాదన. 486 సపోర్ట్ ఆన్ చేసి కెర్నల్ ఇస్తున్న పెద్ద డిస్ట్రో ఏదీ ఈ రోజుల్లో లేదు. ఇంటెల్ ఆ చిప్ తయారీ ఆపింది 2007లో.

ఎవరూ వాడని కోడ్‌తో అందరికీ వచ్చే ముప్పు

బరువు సంగతి అలా ఉంచితే, సెక్యూరిటీ కోణం ఇంకా గట్టిది, నా లెక్కన అయితే అసలు కారణం ఇదే. డీసీసీపీ కథ చూస్తే తెలుస్తుంది.

డీసీసీపీ ఒక నెట్‌వర్క్ ప్రొటోకాల్. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి మామూలుగా వాడే టీసీపీకీ యూడీపీకీ మధ్యరకంగా, వీడియో, ఆడియో స్ట్రీమింగ్‌కి పనికొస్తుందని రూపొందించారు. 2005లో లైనక్స్‌లోకి వచ్చింది. అనుకున్నంతగా ఎవరూ వాడలేదు, కానీ చాలా డిస్ట్రోలు దాన్ని మాడ్యూల్‌గా, అంటే అవసరమైనప్పుడు కెర్నల్‌కి తగిలించుకునే ముక్కగా, కంపైల్ చేసి ఇస్తూనే వచ్చాయి. లైనక్స్‌లో ఒక సౌకర్యం ఉంది: ఏ ప్రోగ్రామైనా "నాకు ఫలానా ప్రొటోకాల్ కావాలి" అంటే కెర్నల్ ఆ మాడ్యూల్‌ని తనంతట తాను లోడ్ చేసేస్తుంది. అడిగింది అడ్మిన్ కానక్కర్లేదు, మామూలు యూజర్ అడిగినా చాలు.

2017లో అందులో ఒక బగ్ బయటపడింది. ఒకసారి విడిచిపెట్టిన మెమరీని మళ్ళీ విడిచిపెట్టే తప్పు. దీన్ని పట్టుకుని మామూలు యూజర్ ఆ మెషీన్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవచ్చు. పదేళ్ళకు పైగా అక్కడే ఉంది ఆ బగ్. అంటే జన్మలో డీసీసీపీ పేరు వినని కంపెనీ సర్వర్ కూడా డీసీసీపీ వల్ల పడిపోవచ్చు. వాడేవాళ్ళు ఎక్కువ ఉంటే బగ్ ఎప్పుడో దొరికేది. వాడేవాళ్ళు లేకపోవడమే దాన్ని దాచింది.

ఆ తర్వాత ఆ కోడ్‌ని చూసుకునేవాళ్ళు కూడా లేకుండా పోయారు. 2023లో వచ్చిన 6.5 నుంచి, ఎవరైనా డీసీసీపీ వాడితే లాగ్‌లో ఇది 2025లో పోతుందని ఒక హెచ్చరిక వచ్చేలా పెట్టారు. చెప్పినట్టే 2025లో, 6.16తో తీసేశారు. పీసీల్లోంచి ఎప్పుడో మాయమైపోయిన ఫ్లాపీ కూడా ఇదే బాపతు. 2015లో వెనమ్ అనే పేరుతో పెద్ద గొడవైన బగ్ ఉన్నది క్యూఎము అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో, అందులోని ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో. క్లౌడ్ సర్వర్లలో ఫ్లాపీ ఎవడు పెడతాడు? ఎవడూ పెట్టడు, కోడ్ మాత్రం ఉంది.

రైజర్‌ఎఫ్ఎస్‌ని ఎలా సాగనంపారు

రాత్రికి రాత్రి ఏదీ తీసేయరు. పద్ధతి ఒకటి స్థిరపడింది, దాన్ని రైజర్‌ఎఫ్ఎస్ మీద చూడటం తేలిక.

ముందు ఒక అపోహ. దీన్ని తయారుచేసిన హాన్స్ రైజర్ 2008లో హత్య కేసులో దోషిగా తేలి జైలుకెళ్ళాడు కాబట్టి తీసేశారని చాలామంది నమ్మకం. ఆ తీర్పు తర్వాత కూడా ఆ కోడ్ 16 ఏళ్ళు కెర్నల్‌లోనే ఉంది. జరిగింది వేరు. ఒకప్పుడు దీన్నే డిఫాల్ట్‌గా ఇచ్చిన సూసే 2006లోనే వేరే ఫైల్ సిస్టమ్‌కి మారాలని నిర్ణయించుకుంది, కొత్త వాడకం తగ్గిపోయింది, అభివృద్ధి ఆగింది.

2022లో మాథ్యూ విల్కాక్స్ అనే కెర్నల్ డెవలపర్ దీన్ని ఇక తీసేయొచ్చా అని అడిగారు. ఎందుకు అడిగారో చూడండి: ఫైల్ సిస్టమ్‌లన్నీ ఉపయోగించే ఒక ముఖ్యమైన ఫంక్షన్‌లో ఒక పారామీటర్‌ని తీసేసి కోడ్ శుభ్రం చేద్దామనుకున్నారు. దానికి అడ్డుపడిన వాటిలో ఒక ఫ్లాగ్‌ని వాడుతున్నది మొత్తం కెర్నల్‌లో రైజర్‌ఎఫ్ఎస్ ఒక్కటే. ఒక్కడి కోసం అందరూ ఆ పారామీటర్‌ని మోస్తున్నారు.

అడిగిన మరుసటి రోజే తీసేయలేదు. 5.18లో దీన్ని డిప్రికేటెడ్ అని ప్రకటించారు, అంటే ఇప్పటికి పనిచేస్తుంది గానీ దీని మీద ఆధారపడకండి అని. రైజర్‌ఎఫ్ఎస్ డిస్కుని మౌంట్ చేస్తే ఇది 2025లో పోతుందని కెర్నల్ లాగ్‌లో మెసేజ్ వచ్చేది. 6.6లో ఇంకో మెట్టు దింపి ఆబ్సొలీట్ అన్నారు. దీర్ఘకాలం సపోర్ట్ ఉండే 6.12లో దాన్ని ఉంచి, ఆ తర్వాతి 6.13లో తీసేశారు. సుమారు 32 వేల లైన్లు పోయాయి. ఈ వరస యాదృచ్ఛికం కాదు. అప్పటికీ ఎవరి దగ్గరైనా రైజర్‌ఎఫ్ఎస్ డిస్కు ఉంటే, 6.12 వేసుకుని అందులోని డేటా వేరే చోటికి మార్చుకోవడానికి ఏళ్ళ వ్యవధి దొరుకుతుంది. ఇటానియం ప్రాసెసర్లకీ ఇదే మర్యాద దక్కింది, దీర్ఘకాల సపోర్ట్ ఉన్న 6.6లో ఉంచి 6.7లో తీసేశారు.

పాతదైతే పోతుందన్న రూలేమీ లేదు

ఇటానియం పేరొచ్చింది కాబట్టి చెప్పాలి. ఇంటెల్ దాన్ని 2001లో తెచ్చింది, చివరి చిప్‌లు పంపింది 2021లో. అంటే ఆఖరి చిప్ ఫ్యాక్టరీ దాటిన రెండున్నరేళ్ళకల్లా లైనక్స్‌లో సపోర్ట్ పోయింది. మరోపక్క మోటరోలా 68000 కుటుంబం, అదే 80లూ 90ల నాటి అమిగా, అటారీ, పాత మ్యాక్‌లలో ఉన్న చిప్‌లు, వాటి సపోర్ట్ మాత్రం ఈ రోజుకీ కెర్నల్‌లో ఉంది. 486 కంటే పాతది అది!

తేడా ఏంటంటే 68000 కోడ్‌కి శ్రద్ధగా చూసుకునే మెయింటెయినర్లు ఉన్నారు. కొత్త మార్పులు వచ్చినప్పుడల్లా సర్దుతారు, పాత మెషీన్ల మీద నడిపి చూస్తారు, ఇంకొకళ్ళ పనికి అడ్డు రారు. ఇటానియం చాలా పెద్ద కంపెనీలు డబ్బు పోసిన వేదిక, ఆ కంపెనీలు వెళ్ళిపోగానే దాని దగ్గర ఎవరూ మిగల్లేదు. 2018లో 4.17 వచ్చినప్పుడు ఒకే దెబ్బకి 8 ప్రాసెసర్ కుటుంబాలను తీసేశారు, బ్లాక్‌ఫిన్, క్రిస్, టైల్ వగైరా. ఆర్న్‌డ్ బెర్గ్‌మన్ అనే కెర్నల్ డెవలపర్ చేసిన పని అది. దాదాపు 5 లక్షల లైన్లు పోయి, ఎప్పుడూ పెరగడమే తెలిసిన కెర్నల్ ఆ విడుదలకి చిక్కిపోయింది. వాటిలో కొన్ని అంత పాతవేం కావు కూడా, వాటిని తయారుచేసిన కంపెనీలు ఏఆర్ఎమ్ రకం ప్రాసెసర్ల వైపో ఇంకో వైపో వెళ్ళిపోయాయి, అంతే.

లైనక్స్ కాని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టుల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. 70ల నాటి వ్యాక్స్ మెషీన్లకు ఓపెన్‌బీఎస్‌డీ 2016లో స్వస్తి చెప్పింది, నెట్‌బీఎస్‌డీ ఇప్పటికీ చెప్పలేదు. ఎన్ని రకాల మెషీన్ల మీద నడిస్తే అంత గొప్ప అన్నది నెట్‌బీఎస్‌డీ సంస్కృతి. ఎవరి లెక్క వాళ్ళది.

వద్దనేవాళ్ళు ఏమంటున్నారు

తీసేయొద్దనేవాళ్ళని మ్యూజియం పిచ్చి ఉన్నవాళ్ళని కొట్టిపారేయడం తేలిక. వాళ్ళ వాదనలో పస ఉంది.

ఒకటి, ఎవరూ వాడట్లేదని మీకెలా తెలుసు? లైనక్స్ కెర్నల్ ఎవరి మెషీన్ నుంచీ సమాచారం పంపదు. మెయిలింగ్ లిస్టులో "ఎవరైనా వాడుతున్నారా" అని అడిగితే, ఫ్యాక్టరీలో ఒక మెషీన్ నడిపే ఆపరేటర్‌కి ఆ లిస్టు ఉందనే తెలీదు. అలాంటి చోట్ల ఏడెనిమిదేళ్ళకి ఒకసారి గానీ అప్‌డేట్ చేయరు. వాళ్ళు చేసే వేళకి సపోర్ట్ పోయి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది.

2022లో ఎ.అవుట్ వ్యవహారం ఇందుకు మంచి ఉదాహరణ. అది 90ల మధ్య వరకు లైనక్స్ ప్రోగ్రాములు ఉన్న ఫార్మాట్, తర్వాత అందరూ ఈఎల్ఎఫ్‌కి మారిపోయారు. పాతికేళ్ళ తర్వాత దాన్ని తీసేద్దామనగానే ఒకాయన ముందుకొచ్చారు, అటారీ జాగ్వార్ అనే పాత గేమ్ మెషీన్‌కి ప్రోగ్రాములు రాసే టూల్స్ తన దగ్గర ఆ ఫార్మాట్‌లోనే ఉన్నాయని. గొడవ పెద్దది కాలేదు. కెర్నల్ బయట ఒక చిన్న ప్రోగ్రాం రాస్తే అదే ఆ పాత ఫైళ్ళని నడిపించగలదని కీస్ కుక్ అనే కెర్నల్ డెవలపర్ రాసి చూపించారు. కెర్నల్‌లోంచి పోయింది, ఆయన పనీ ఆగలేదు. అన్నిటికీ ఇలాంటి దారి దొరకదు, డ్రైవర్లకి అసలే దొరకదు.

రెండో వాదన కొంచెం కోపంగా ఉంటుంది: పనిచేస్తున్న మెషీన్‌ని సాఫ్ట్‌వేర్ కారణంగా చెత్తలో వేయించడం మనం విండోస్‌ని తిట్టిన పనే కదా అని. దీనికి అవతలివాళ్ళ జవాబు, సోర్స్ ఎక్కడికీ పోలేదు, కోడ్ మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలో ఉంది, కావాల్సినవాళ్ళు తీసుకుని నడుపుకోండి. ఇటానియం అభిమానులు కొందరు నిజంగానే కెర్నల్ బయట ఆ పని చేసుకుంటున్నారు. కెర్నల్‌ని కంపైల్ చేసే జీసీసీ అనే కంపైలర్‌లో కూడా ఇటానియం పోవాల్సింది, ఒకరు బాధ్యత తీసుకోవడంతో నిలబడింది. కానీ నిజాయితీగా చెప్పాలంటే, కోడ్ అందుబాటులో ఉందనడం వేరు, నెలనెలా మారే కెర్నల్ వెనక ఒంటరిగా పరిగెత్తడం వేరు.

డిస్ట్రో స్థాయిలో అయితే వాడేవాళ్ళ గొంతు బాగానే వినబడుతుంది. 2019 జూన్‌లో ఉబుంటు తన 19.10 నుంచి 32 బిట్ లైబ్రరీలన్నీ తీసేస్తామంది. స్టీమ్ అనే గేమ్ స్టోర్‌లోని గేముల్లో పాతవి చాలా 32 బిట్‌వే, ఆ లైబ్రరీలు లేకపోతే తెరుచుకోవు. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ, అయితే ఉబుంటు 19.10ని మేం అధికారికంగా సపోర్ట్ చేయం అనేసింది. కొద్ది రోజుల్లోనే ఉబుంటు వెనక్కి తగ్గి, ఎంచిన లైబ్రరీలు ఉంచింది. 2025లో ఫెడోరాలోనూ దాదాపు ఇదే సీన్, ఆ ప్రతిపాదన కూడా ఉపసంహరించుకున్నారు.

మరి మన పాత ల్యాప్‌టాప్ సంగతి?

సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ కొన్న ల్యాప్‌టాప్ అయినా సరే, కోర్ 2 డ్యుయో లేదా ఆ తర్వాతిదైతే అది 64 బిట్ ప్రాసెసర్. 2006 నుంచి వస్తున్నవి అవి. పైన చెప్పిన ఏ వార్తా దాని జోలికి రాదు. నిజంగా దెబ్బ తగిలేది 2008 ప్రాంతంలో వచ్చిన చిన్న నెట్‌బుక్‌లకి, ముఖ్యంగా ఆటమ్ ఎన్270 ఉన్నవాటికి. అది 32 బిట్ మాత్రమే. డెబియన్‌లో వాటికి చివరి ఇన్‌స్టాలర్ వెర్షన్ 12తో వచ్చింది. 486 తీసేయడం వల్ల మాత్రం వాటికి కూడా ఏమీ అవ్వదు.

32 బిట్‌లో అసలు చర్చ ఇంకా ముందుంది

486 చిన్న విషయం. కెర్నల్ వాళ్ళు నిజంగా తల పట్టుకుంటున్నది 32 బిట్‌లోనే ఉన్న హైమెమ్ అనే ఏర్పాటు గురించి. 32 బిట్ అడ్రస్‌తో 4 జీబీ వరకే చూపించగలం. మామూలుగా అందులో 3 జీబీ ప్రోగ్రాములకు, 1 జీబీ కెర్నల్‌కు పంచుతారు. ఆ 1 జీబీలోనూ కెర్నల్ ఎప్పుడు కావాలంటే అప్పుడు నేరుగా అందుకోగల ర్యామ్ 896 ఎంబీ దాకానే. అంతకు మించి ర్యామ్ ఉంటే, కావాల్సిన పేజీని తాత్కాలికంగా తగిలించుకుని, పని అవ్వగానే విప్పేయాలి. 64 బిట్‌లో ఈ బాధ లేదు, అయినా అందరూ రాసే ఫైల్ సిస్టమ్ కోడ్‌లో ఈ తగిలించడం, విప్పడం రాయక తప్పదు. దీన్ని తీసేద్దామన్న చర్చ నడుస్తోంది. 32 బిట్ మొత్తం తీసేయమని ఎవరూ అనట్లేదు, ఎందుకంటే 32 బిట్ ఏఆర్ఎమ్ చిప్‌లు ఇప్పటికీ కొత్త ఉత్పత్తుల్లోకి వెళ్తున్నాయి. ఎక్కువ ర్యామ్ ఉన్న పాత 32 బిట్ బోర్డుల్ని ఏం చేయాలన్నదే చిక్కు.

దాని వెనకే 2038 ఉంది. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ గడియారం 2038 జనవరి 19న, మన టైం ప్రకారం ఉదయం 8:44:07కి నిండిపోతుంది, మరుసటి సెకనుకి తేదీ 1901లోకి దూకుతుంది. 32 బిట్ మెషీన్ల కోసం కెర్నల్ దీన్ని 2020లో, 5.6తో సరిచేసుకుంది. డెబియన్ 13 కూడా 32 బిట్ ఏఆర్ఎమ్‌లో టైంని 64 బిట్‌కి మార్చింది. పాత ఇంటెల్ 32 బిట్ (ఐ386) ప్యాకేజీలను మాత్రం కావాలనే మార్చలేదు. అవి ఉన్నదే ఎప్పుడో కంపైల్ చేసిన గేములూ ప్రోగ్రాములూ నడవడానికి. టైం సైజు మారిస్తే వాటితో పొత్తు కుదరక అవి ఈ రోజే ఆగిపోతాయి, మార్చకపోతే 2038 దాకా నడుస్తాయి. డెబియన్ రెండోది ఎంచుకుంది.